మంద, దొడ్డి, గుడిసె: దక్కను పసులకాపరుల ఱాతికట్టడములు

ఆంధ్రదేశపు వాస్తుచరిత్రమును వ్రాసినవారు చైత్యములను గూర్చియు, దేవాలయములను గూర్చియు, దుర్గములను గూర్చియు విస్తారముగా వ్రాసిరి. మండువా లోగిళ్లను గూర్చి, మట్టిమిద్దెలను గూర్చి కూడ కొంత పరిశీలనము జరిగినది. కాని కొండచఱియలలోను, బీళ్లలోను, అడవి యంచులలోను ఆలమందలను గొఱ్ఱెలమందలను కాచుకొని బ్రతికినవారు ఏ కప్పు క్రింద తలదాచుకొనిరను ప్రశ్నకు మన చరిత్రగ్రంథములలో చోటు మిక్కిలి తక్కువ. ఇందుకు కారణము లేకపోలేదు. రాజు కట్టించిన గోపురమునకు శాసనము కలదు. గొల్లవాడు చేతికందిన ఱాళ్లు పేర్చి, నాలుగు గుంజలు పాతి వేసికొన్న గుడిసెకు శాసనము లేదు. గుంజలకు చెదలు పట్టును. కప్పు వానకు కుళ్లిపోవును. మిగిలిన ఱాళ్లు ఒకనాడు ఎవరో పేర్చినవని గుర్తుపట్టువారుండరు.

ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచిన విషయ మొక్కటి. దక్కను పీఠభూమిపై పశుపాలకుల ముఖ్యమైన కట్టడము ఇల్లు కాదు, దొడ్డి. కాపరి గుడిసె దొడ్డికి అంగము మాత్రమే. దాని యాకారమును, దాని స్థానమును, తుదకు దాని ఆయుర్దాయమును నిర్ణయించినది దొడ్డియే. ఇల్లెక్కడ నున్నదని వెదకినవారికి ఈ జనుల జాడ చాలకాలము దొరకలేదు. దొడ్డి యెక్కడ నున్నదని వెదకినపుడు నాలుగువేల యేండ్లకు పైబడిన చరిత్రము బయటపడినది.

ముందుగా మాటలను చూతము. తెలుగున 'మంద' యనగా పశువుల గుంపు; ఆ గుంపు రాత్రి నిలుచు తావు కూడ మందయే. తమిళమున దీని సోదరపదమైన 'మందై'కి పశువుల గుంపు అనియు, ఊరి పశువులు చేరు బయలనియు అర్థములు కలవు. నీలగిరులలో ఎనుములను పెంచు తోడాల ఊళ్లను పొరుగువారు 'మందు' అని పిలుతురు. అనగా మనుష్యులుండు ఊరికి పశువులు నిలుచు తావు పేరే పేరైనది. సంస్కృతమునను ఇట్టి మార్పు కనబడును. అమరకోశకారుడు 'ఘోష' శబ్దమునకు ఆభీరుల పల్లె యని యర్థము చెప్పెను. 'గోష్ఠము' ఆవులు నిలుచు చోటు. దానినుండి పుట్టినదే 'గోష్ఠి'. మనము సాహిత్యగోష్ఠులు జరుపుకొనునపుడెల్ల ఒక పసులదొడ్డిని స్మరించుచున్నామన్నమాట. పోతన భాగవతమున గోకులమునకు వ్రేపల్లె యను పేరు సుప్రసిద్ధము.

'దొడ్డి' మఱింత విచిత్రమైన పదము. పశువులను కట్టివేయు ఆవరణము దొడ్డి. ఇంటివెనుక పెరడును దొడ్డియే. రాయలసీమలో గొఱ్ఱెలను రాత్రివేళ ఉంచు ఆవరణమునకు 'రొప్పము' అను మాట కలదు. కన్నడమున అదియే 'రొప్ప'. ఈ పదములు ఊరిపేళ్లలో నిలిచిన తీరు గమనింపదగినది. గద్వాల సీమలోని కాలూరు తిమ్మనదొడ్డి నేడొక మండలమునకు పేరు. కన్నడదేశమున గొల్లరహట్టి యను పేరుగల పల్లెలు పెక్కు. హట్టి యనగా పశువుల నెలవు, కాపరుల పల్లె. ఒకప్పుడు మంద నిలిచిన చోట కొన్నాళ్లకు ఇండ్లు లేచినవనియు, ఇండ్లు లేచిన తరువాతను పాతపేరు పోలేదనియు ఊహించుట కష్టము కాదు. నామవాచకములను చరిత్రకు సాక్ష్యముగా చేకొనునపుడు జాగ్రత్త యవసరమే కాని, ఇన్ని తావులలో ఇన్ని భాషలలో ఒకే మార్పు కనబడునపుడు దానిని యాదృచ్ఛిక మనుటకు వీలులేదు.

ఇక కట్టుబడి. కృష్ణా తుంగభద్రల నడిమి సీమయు, దానికి దక్షిణముననున్న బళ్లారి, అనంతపుర ప్రాంతములును నల్లఱాతి కొండల దేశము. పగటి యెండకు కాగి రాత్రి చలికి ఆరు కొండఱాతినుండి ఉల్లిపొరలవలె పలకలు తమంతట తామే విడివడుచుండును. ఇనుప పనిముట్టు ఒక్కటియు లేనివాడు సైతము కొండయడుగున దిరిగి గోడకు తగిన ఱాళ్లను ఏరుకొనవచ్చును. కర్నూలు, కడప మండలములలో నాపఱాయి పొరలు పొరలుగా లభించును. ఆ బండలను వరుసగా నిలువుపాతి దొడ్లకు కంచెగా నిలుపుట నేటికిని చూడవచ్చును. ఱాతికి కొదువ లేదు. కొదువ కఱ్ఱకు. ఈ మెట్టసీమలో పెరుగు తుమ్మ, చండ్ర, రేగు మొదలైనవి గట్టివే కాని పొట్టివి, వంకరవి. నిటారైన పొడవైన మ్రాను కావలెనన్నచో తాడియే గతి.

గుడిసె గుండ్రముగా నుండుటకు కారణము నా యభిప్రాయమున ఇక్కడనే కలదు. నలుచదరపు ఇంటికి పొడవైన దూలము కావలెను, వెన్నుపట్టె కావలెను, మూలలను కలుపు నేర్పు కావలెను. గుండ్రని గుడిసెకు ఇవి యక్కఱలేదు. చుట్టును పొట్టిగుంజలు పాతి, నడుమ నొక నిట్రాట నిలిపి, సన్నని వాసములను దానిమీదికి వాల్చి కట్టినచో కప్పు నిలుచును. గుంజ మొదట గుంతలో ఱాళ్లు బిగించుటచే అది కదలదు. చుట్టును ఒకటి రెండు వరుసల గుండ్లు పేర్చుటచే వాననీరు లోనికి రాదు, నేలతడి తడికకు తగులదు. ఆ వరుసలపై తడిక, తడికకు పేడమట్టి మెత్తుట, పైన బోదగడ్డి. ఱాళ్లను అతికించు సున్నము గాని అడుసు గాని లేకున్నను ఈ కట్టడము పనికి వచ్చును. ఎక్కువకాలము నిలువవలెనని కట్టినవాడు కోరలేదు. మంద కదలినపుడు గుంజలను పెఱికి మోసికొని పోవచ్చును. ఱాళ్లను మాత్రము అచ్చటనే విడిచిపోవలెను. మఱుసటి యేడు తిరిగివచ్చినపుడు అవే ఱాళ్లు గుడిసె తావును చూపును.

ఐనను గుండ్రనిగుడిసె పశుపాలకుల సొత్తని చెప్పరాదు. ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో ప్రకటించిన గ్రంథమున వర్ణించిన నల్లమల చెంచుల గుడిసెలును గుండ్రనివే. వారు ప్రధానముగా దుంపలు త్రవ్వుకొని, వేటాడి బ్రతికినవారు. ఉత్తరకోస్తాలో తాటాకు కప్పుతో మట్టిగోడలతో వేసికొను చుట్టిండ్లును గుండ్రనివే. వాటికి గాలివాన కారణము. కృష్ణాతీరమున వీరాపురపు త్రవ్వకములలో బయటపడిన గుండ్రని నివాసములను పరిశోధకులు చెంచుల గుడిసెలతో పోల్చి చూచిరి. ఆకారమునుబట్టి కులమును గాని వృత్తిని గాని నిర్ణయించుట సాధ్యము కాదని దీనివలన తేలుచున్నది. కాపరి గుడిసెను తక్కిన గుడిసెలనుండి వేఱుచేయునది దాని ప్రక్కనున్న దొడ్డి. ఈ మాట ఋజువగుటకు మనము బూడిదదిబ్బల కడకు పోవలెను.

బళ్లారి, రాయచూరు, యాదగిరి, పాలమూరు, కర్నూలు, అనంతపుర ప్రాంతములలో నూటికి పైగా బూడిదదిబ్బలు గుర్తింపబడినవి. కొన్ని చిన్న కుప్పలు; కొన్ని గుట్టలవలె నెత్తైనవి. పై పొర బూడిద. లోపల కొన్నిచోట్ల కరగి గడ్డకట్టి గాజువలె మెఱయు చిట్టెము. బూదిగుంట, బూదిహాళు, బూదికనుమ వంటి పేళ్లు వీటినిబట్టి వచ్చినవే. జనులు వీనికి తమకు తోచిన కథలు కల్పించిరి. హంపీ దాపున నింబాపురమువద్దనున్న దిబ్బ వాలిని దహించిన చితాభస్మమని ప్రతీతి. రాక్షసుల యెముకలు కాలిన బూడిద యనియు చెప్పుదురు.

పండితుల యూహలు ఈ కథలకంటె మేలుగా ఏమియు లేవు, కొంతకాలము వఱకు. మద్రాసు సైన్యమున అధికారియైన న్యూబోల్డు 1843లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఈ దిబ్బలను గూర్చి వ్రాసి విద్వల్లోకమునకు ఎఱుకపఱచెను. విజయనగర చరిత్రకారుడుగా మనకు సుపరిచితుడైన రాబర్టు సూయెల్ 1899లో అదే పత్రికలో వ్రాయుచు వీనిని గొప్ప దహనకర్మల యవశేషములుగా భావించెను. భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్టు బ్రూస్ ఫుట్ మాత్రము సరియైన త్రోవ పట్టెను. ఇవి నవీనశిలాయుగపు పశుపాలకుల దొడ్లలో ఏండ్లతరబడి పేరుకొనిన పేడ కాలగా ఏర్పడినవని ఆతని యభిప్రాయము. ఆనాడు దానిని నమ్మినవారు తక్కువ. పేడ కాలినచో ఇంత బూడిదయా, ఇంత గట్టి చిట్టెమా అని శంక. 1960 ప్రాంతమున జాయ్నర్ అను శాస్త్రవేత్త ఆ బూడిదను పరీక్షించి అది పశువుల పేడయే యని తేల్చెను. గడ్డిలోని సిలికా ప్రచండమైన వేడికి కరగి గాజువలె అగునని ఇప్పుడు అందఱకు తెలిసిన విషయమే.

కాని పేడయని తేలినంతమాత్రమున దొడ్డి యని తేలదు. ఊరివారందఱు పేడను తెచ్చి ఒకచోట పోసి కాల్చి యుండవచ్చును గదా. ఈ సందేహమును తీర్చినది ఉట్నూరు త్రవ్వకము. ఇది ఆదిలాబాదు ఉట్నూరు కాదు. కృష్ణ కెగువన, నాటి మహబూబ్‌నగరము జిల్లాలోనిది. పేరునుబట్టి పొరపడినవారిని నేను కొందఱను చూచితిని. 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ ఇక్కడి దిబ్బను త్రవ్వెను. ఆ త్రవ్వకపు నివేదికను 1961లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ప్రకటించెను; 1963లో కేంబ్రిడ్జినుండి ఆతని గ్రంథము వెలువడినది. ఒకదానిలోపల నొకటిగా రెండు కంచెలు నిలిపిన గుంజగోతులు ఉట్నూరులో వరుసలు వరుసలుగా కనబడినవి. ఆ గుంజలు బరువైన మ్రాకులు, బహుశః తాళ్లు. లోపలి కంచెలో పశువులు. రెండు కంచెల నడుమ మనుష్యుల గుడిసెలు. ఒకసారి కాలినపిమ్మట మరల కంచె కట్టిరి; మరల అది కాలినది; మరల కట్టిరి. ఈ విధముగా దొడ్డిపై దొడ్డి. ఒక పొరలో పశువుల గిట్టల గుర్తులు చెడక నిలిచియున్నవి. కార్బన్ కాలనిర్ణయమునుబట్టి ఉట్నూరు తొలిదొడ్డి క్రీ. పూ. మూడవ సహస్రాబ్దికి చెందినది.

ఆ గిట్టల గుర్తులను గూర్చి ఒక్కమాట. మన ప్రాచీనచరిత్రలో రాజుల పేళ్లకు, వంశవృక్షములకు సందేహములు లేనివి తక్కువ. ఉట్నూరులో ఆవు నడచినదనుటకు మాత్రము ఏ సందేహమును లేదు.

రెండు కంచెల నడుమ గుడిసెలుండుట ఈ వ్యాసమునకు ముఖ్యమైన సాక్ష్యము. మధ్యభాగము పశువులది, అంచు మనుష్యులది. దొంగ గాని మృగము గాని మందను చేరవలెనన్నచో ముందుగా మనుష్యుల నడుమనుండి రావలెను. గుడిసె ఇక్కడ ఇల్లు మాత్రమే కాదు, కావలికూడ. నీలగిరి తోడాల పద్ధతిని దీనితో పోల్చి చూడవచ్చును. వారి యెనుములదొడ్డి ఱాళ్లు పేర్చిన గుండ్రని గోడ. దాని సమీపముననే కొద్దిపాటి గుడిసెలు. వారికి మనకు చరిత్రసంబంధము నిరూపింపబడలేదు. ఐనను ఒకే యవసరము ఒకే విధమైన యమరికకు దారితీసినదనుటకు ఇది చాలును.

మనుష్యుల గుడిసెలను స్పష్టముగా చూపిన స్థలములు వేఱు. బళ్లారి మండలమున తెక్కలకోటలో ఎం. ఎస్. నాగరాజరావు, కె. సి. మల్హోత్రా త్రవ్విన కొండపై నివాసములు గుండ్రనివి. అంచున గుండ్లు, గుంజలు నిలిపిన గుర్తులు కలవు. వారి గ్రంథము 1965లో పుణె డెక్కను కళాశాలనుండి వెలువడినది. ఆ యూరి బోయల గుడిసెలతో వారీ నివాసములను పోల్చి చూచుట నాకు మిక్కిలి నచ్చిన విషయము. త్రవ్వకమును జరుపుచు ప్రక్కనున్న జీవించు మనుష్యుని చూడనివారు పెక్కురు. షోరాపురము దోఆబులో బూదిహాళునందు కె. పద్దయ్య 1989 మొదలు పెక్కేండ్లు త్రవ్వి మఱింత పూర్ణమైన చిత్రమును మనకిచ్చెను. అచ్చట దొడ్డి యొకవైపు. దానికానుకొని ఱాతిపునాదులుగల గుండ్రని యిండ్లు. వేఱొకచోట పశువులను కోసి మాంసమును పంచుకొనిన గచ్చువంటి నేల. అనంతపుర మండలమున పాలవాయి దిబ్బను వి. రామిరెడ్డి త్రవ్వి తన ఫలితములను 1976లో గ్రంథరూపమున ప్రకటించెను.

ఈ మధ్య కొందఱు పరిశోధకులు ఆల్చిన్ సిద్ధాంతమును మార్పవలెనని వాదించుచున్నారు. సంగనకల్లులో రవి కోరిసెట్టరు, నికోల్ బొవిన్, డోరియన్ ఫుల్లరు మొదలైనవారు జరిపిన పరిశీలనలవలన ఉలవలు, పెసలు, అండుకొఱ్ఱలు ఆనాడే పండించుచుండిరని తెలిసినది. కావున వారిని కేవలము మందవెంట తిరుగువారని చెప్పుటకు వీలులేదు. 2004లో పీటరు జొహాన్సెన్ ఈ దిబ్బలను పనిగట్టుకొని పెంచిన స్మారకములుగా, కర్మకాండకు సంబంధించిన నిర్మాణములుగా చూడవలెనని వ్రాసెను. ఆల్చిన్ సైతము దహనమును హోళి, దీపావళి, సంక్రాంతి మంటలతో పోల్చి, పశువులను మంటల నడుమ తోలు నాచారమును ఎత్తిచూపియుండెను.

ఈ వాదములో ఇరుపక్షములకు కొంత బలమున్నది. చీడ పోగొట్టుటకు పాతదొడ్డిని కాల్చుట గృహస్థుని పని. అదే పనిని ఏడాదికొకసారి పదిమంది చేరి చేసినచో పండుగ యగును. ఒకటి నిజమైనచో రెండవది అబద్ధము కావలెనను నియమము మన పల్లెలలో లేదు. చళ్లకెరె ప్రాంతపు కాడుగొల్లలు క్యాతప్ప జాతరకై ముండ్లకంపతో గుడి వేసి, వట్టికాళ్లతో దానిపైకెక్కి కలశమును దింపుదురు. ఆ దేవునికి ఱాతిగుడి కాక కంపగుడిసె ఏల కావలసివచ్చెనని ప్రశ్నించినచో, కాపరికి పవిత్రమైన కట్టడము దొడ్డికంచెయే యన్న సమాధానము నాకు తోచుచున్నది. ఐతే జొహాన్సెన్ వాదమున నాకొక లోపము కనబడుచున్నది. గుంజగోతులు, గిట్టల గుర్తులు స్మారకమునకు అవసరము లేదు. అవి దొడ్డికే యవసరము. స్మారకత్వము తరువాత వచ్చియుండవచ్చును. మొదట వచ్చినది మాత్రము పశువు.

నేటి గొల్లలు, కురుమలు ఆ నవీనశిలాయుగ జనుల సంతతి యని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు. అట్లు చెప్పినవారికిని ఆధారము లేదు. నడుమ మూడువేల యేండ్ల యంతరము కలదు. పైగా బూడిదదిబ్బల జనులు ప్రధానముగా ఆవులను పెంచినవారు. గొఱ్ఱెలు మేకలు వారికి రెండవ పంక్తివి. దిబ్బలు పేర్చుట ఇనుపయుగము నాటికి ఆగిపోయినది. ఎందులకు? పేడకు వేఱొక విలువ వచ్చినదని నా యూహ. సేద్యము విస్తరించినకొలది పొలమునకు ఎరువు కావలసివచ్చును. అటుపిమ్మట పేడను కాల్చివేయు రైతుండడు.

పొలములో మంద కట్టించు నాచారము ఈ మార్పు యొక్క పరిపాకమని నేననుకొందును. కోతలైన పిమ్మట రైతు కాపరిని పిలిచి కొన్ని రాత్రులు గొఱ్ఱెలను తన చేనిలో నిలుపుమని కోరును. అందుకు ధాన్యమో రొక్కమో ఇచ్చును. ఈ యేర్పాటులో ఱాతిదొడ్డి పనికిరాదు. నాలుగు రాత్రుల కొకసారి చోటు మాఱవలెను. కావున కంచె తేలికయైన కంపగా, వలగా మాఱినది. గుడిసె ఇంకను తేలికయైనది. చాలవఱకు అది గొంగడియే. నల్లగొఱ్ఱె బొచ్చుతో కురుమలు నేయు గొంగడి వానలో కప్పు, చలిలో దుప్పటి, రాత్రి పడక. కొప్పెరగా మడిచి తలపై వేసికొని కఱ్ఱ నానుకొని నిలుచున్న కాపరిని చూచినపుడు, నిట్రాటయు కప్పును ఆ మనుష్యునితోనే కదలుచున్నవనిపించును. ఊరిలోని రొప్పము ఱాతిది, ఊరిబయటి మంద కంపది. ఈ రెంటి నడుమ ఆతని సంవత్సరము గడచును.

ఇక చరిత్రాధారములు ఈతని విషయమున ఏమి చెప్పుచున్నవి? మధ్యయుగ శాసనములలో పశుపాలకుల ప్రసక్తి తక్కువ కాదు. ద్రాక్షారామము, బెజవాడ, బాపట్ల మొదలైన క్షేత్రములలో అఖండదీపమునకు పశువులను దానము చేసిన శాసనములు వందలకొలది కలవు. సాధారణముగా దీపమునకు 25 ఆవులో 50 గొఱ్ఱెలో ఇచ్చి, వానిని ఒక బోయనికో గొల్లనికో అప్పగించి, దినమున కింత నేయి పోయవలెనని నియమించిరి. పశువుల లెక్క కలదు, నేతికొలత కలదు, కాపరి పేరు సైతము కలదు. ఆ 50 గొఱ్ఱెలు ఏ దొడ్డిలో నిలిచెనో, ఆ కాపరి గుడిసె యెచ్చటనో చెప్పవలసిన యవసరము శాసనకర్తకు కలుగలేదు. చిత్తూరు, అనంతపుర ప్రాంతములలో పసులను మరల్చుటలో మడిసిన వీరులకు నిలిపిన వీరగల్లులును అంతే. మరణించిన చోటు చెప్పును, బ్రతికిన చోటు చెప్పదు.

కాటమరాజు కథాచక్రము ఒక్కటే ఈ లోటును కొంత పూరించుచున్నది. కఱవు వచ్చి పచ్చిక లేక మందలను దక్షిణమునకు తోలికొనివచ్చిన యాదవులు నెల్లూరి నల్లసిద్ధితో ఒడంబడిక చేసికొందురు. మేపినందులకు పుట్టిన కోడెదూడలను పుల్లరిగా నీయవలెను. తుద కీ పుల్లరి తగవే ఎఱ్ఱగడ్డపాటి పోరునకు దారితీయును. కథలోని రాజకీయ వివరములను చరిత్రగా తీసికొనవలెనా యన్నది వేఱు ప్రశ్న. ఇచ్చటి తగవు భూమి యెవరిదన్నది కాదు, భూమిపై కొంతకాలము మందను నిలుపు హక్కెవరిదన్నది. నిలువయిల్లు లేనివానికి నేలపై హక్కు ఎట్లు వచ్చునన్న ప్రశ్న ఇందులో కలదు.

ఈ ప్రశ్నకు ఆంగ్లప్రభుత్వము తన సమాధానమును చట్టరూపమున ఇచ్చెను. 1871 నాటి పశువుల ఆక్రమణ చట్టము ప్రకారము పొలములలో బడిన పశువులను తోలి కట్టివేయుటకు ఊరూర బందెలదొడ్లు వెలసినవి. దొడ్డి యను కట్టడమునకు ప్రభుత్వపు కాగితములలో చోటు దొరకినది ఈ రూపమున! 1882 నాటి మద్రాసు అటవీచట్టముతో మేపుడుబీళ్లు, అడవి యంచులు రక్షితారణ్యములైనవి. గుంజకు కఱ్ఱ నఱకవలెనన్నను, కంప కొట్టవలెనన్నను, మంద నిలుపవలెనన్నను సెలవు కావలసివచ్చినది. అడవిలో వేసవి గడపు గుడిసె అక్రమమైనది. పలనాట 1921-22లో చెలరేగిన పుల్లరి సత్యాగ్రహమునకు మూలమిదియే. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకిగుండ్లకు బలియయ్యెను. దానిని జాతీయోద్యమ ఘట్టముగా మాత్రమే చెప్పుట వాడుక. అది పచ్చికబీళ్ల చరిత్రలోను ఒక యధ్యాయము.

బందోబస్తు కాగితములు వ్రాసినవారు ఇల్లున్నదా, సేద్యమున్నదా అని చూచిరి. నాలుగు ఱాళ్ల వలయమును, కాలిన కంపను వారు నివాసముగా లెక్కింపలేదు. తరతరములుగా ఏటేట వచ్చి నిలిచిన చోటైనను, అది 'బంజరు' అని నమోదైనది. పురాతత్త్వజ్ఞులు సైతము నూఱేండ్లకు పైగా చేసిన పొరపాటు ఇట్టిదే. బూడిదను చూచి చితి యనుకొనిరి, దొడ్డి యనుకొనలేదు. వారి పొరపాటు గ్రంథములలో దిద్దబడినది. కాగితములలోని పొరపాటు కాపరులకు బీళ్లను పోగొట్టినది.

దిబ్బల స్థితియు మేలుగా లేదు. ఎరువుకొఱకు, దారులు వేయుటకొఱకు బూడిదను త్రవ్వి తరలించుటచే పెక్కు దిబ్బలు ఇప్పటికే తఱిగిపోయినవి. సంగనకల్లు కొండలను ఱాతిగనులవారు చాలవఱకు తొలిచివేసిరి. నవీనశిలాయుగమున గొడ్డలిఱాళ్లు చెక్కిన తావులు, గుడిసెల వలయములు దానితో పోయినవి. దేవాలయమునకు కంచె వేసి కావలి నుంచు ప్రభుత్వములు ఈ దిబ్బలలో కొన్నిటికైనను హద్దుఱాళ్లు పాతింపవలెను. బూడిదగుట్టకు కావలి యేమిటని నవ్వువారికి ఉట్నూరు నివేదికను చదువుమని చెప్పుట తప్ప వేఱు మార్గము నాకు తెలియదు.

తెలుగుశాఖలవారు చేయదగిన పని వేఱొకటి కలదు. 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు తొలిసంపుటము వ్యవసాయపదములను ఊరూర తిరిగి సేకరించిన తీరు మనకు మార్గదర్శకము. ఆ పద్ధతిలోనే దొడ్డి కట్టుబడికి సంబంధించిన పదములను గొల్లల, కురుమల, బోయల నోటినుండి సేకరింపవలెను. గుంజ మొదట బిగించు ఱాతికి ఒక పేరున్నదా? దొడ్డివాకిలికి అడ్డము పెట్టు కంపకట్టకు ఏమి పేరు? పిల్లలను తల్లులనుండి వేఱుచేసి ఉంచు చిన్న యరకు ఏమి పేరు? పాతదొడ్డి విడిచి క్రొత్తదానికి పోవునపుడు ఏ మాట వాడుదురు, ఏ దినము చూతురు? రాయలసీమ పదమునకు తెలంగాణపు పదమునకు ఎచ్చట హద్దు? ఇట్టి పదపట్టికలో ఒక్కొక్క మాట ఒక్కొక్క గుంజగోతికి సమానము. మాఘమాసము మొదలు తొలకరి వఱకు మందలు కోసిన పొలములలోనే యుండును. ఆ నెలలలో సాయంకాలపు వేళ, గొఱ్ఱెలను లెక్కించి లోనికి తోలిన పిమ్మట, కాపరులకు మాటాడుటకు తీరిక దొరకును.